హెడ్ ఫేసింగ్ చేయించినా గ్యాస్కెట్ మళ్లీ ఎందుకు పోతోంది?

సంక్షిప్తంగా: ఇంజన్ హెడ్ (సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం) కింద వేసే గ్యాస్కెట్ కొనడం, హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగును మిషన్ మీద చదును చేయడం) చేయించడం వేర్వేరు పనుల్లా కనిపిస్తాయి కానీ రెండింటినీ కలిపే తేల్చుకోవాలి. గ్యాస్కెట్ రకాన్ని బట్టి ఫేసింగ్ నునుపు ఉండాలి, ఫేసింగ్‌లో తీసిన లోతును బట్టి గ్యాస్కెట్ మందం ఉండాలి. పెట్రోల్ ఇంజన్ లెక్క డీజిల్‌కు పనికిరాదు. రాయలసీమలో ఇవన్నీ సరిగా చేసినా, బోరు నీళ్ల సున్నం ఇంజన్ లోపలే ఉండిపోతే మరమ్మతు నిలవదు.

ఎండలు ముదిరేసరికి కర్నూలు, అనంతపురం, కడప మెకానిక్ షెడ్లలో రెండోసారి విప్పిన ఇంజన్లు కనిపిస్తాయి. రేడియేటర్ పొంగింది, హెడ్ దించారు, లేత్ షాపులో ఫేసింగ్ చేయించారు, కొత్త గ్యాస్కెట్ వేశారు. కొన్ని నెలలకే మళ్లీ తెల్లపొగ, మళ్లీ రేడియేటర్లో బుడగలు. గ్యాస్కెట్ నకిలీదని కొందరు, ఫేసింగ్ సరిగా రాలేదని కొందరు అంటారు. ఇంకొందరు మెకానిక్‌నే మార్చేస్తారు. ఈ మూడింట్లో ఏదో ఒకటి నిజమైన సందర్భాలు లేకపోలేదు. అయితే ఎక్కువసార్లు తప్పు ఏ ఒక్కరి పనిలోనూ ఉండదు. ఒకరి పని కొలతలు ఇంకొకరికి చేరకపోవడంలో ఉంటుంది.

గ్యాస్కెట్ మీద పడే భారం

హెడ్‌కూ, సిలిండర్లుండే బ్లాకుకూ మధ్య ఉండే ఈ పలుచని పొర సిలిండర్‌లో మండే గ్యాస్‌ను, పైకెక్కే కూలింగ్ నీళ్లను, ఒత్తిడితో పారే ఆయిల్‌ను ఒకేసారి వేటి దారిలో వాటిని ఉంచాలి. మూడింటిలో గ్యాసే మొండిది. టర్బో లేని పాత డీజిల్ ఇంజన్‌లో మంట ఒత్తిడి సుమారు 70–80 బార్ (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడి) దాకా లేస్తుంది. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 100 మి.మీ. అనుకుంటే, 80 బార్ దగ్గర ఒక్కో సిలిండర్ హెడ్‌ను పైకి తోసే బలం 6 టన్నులు దాటుతుంది. కామన్ రైల్ టర్బో డీజిళ్లలో 150 బార్ మించిన ఒత్తిళ్లు మామూలే. అంటే అదే బోరుకు 12 టన్నులు. ఇంజన్ 2,000 ఆర్పీఎంలో తిరుగుతుంటే ఈ తోపు ఒక్కో సిలిండర్‌లో నిమిషానికి 1,000 సార్లు వచ్చిపోతుంది. బోల్టుల బిగింపు ప్రతిసారీ దీన్ని మించి ఉంటేనే గ్యాస్కెట్ నిలుస్తుంది.

వేడి ఇంకో రకంగా పరీక్షిస్తుంది. అల్యూమినియం పోత ఇనుము కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. అర మీటరు పొడవున్న అల్యూమినియం హెడ్ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.15 మి.మీ. పెరుగుతుంది. దాని కింది ఇనుప బ్లాకు పెరిగేది 0.55 మి.మీ. మాత్రమే. మిగిలిన 0.6 మి.మీ. తేడా గ్యాస్కెట్ మీద రాపిడిగా పడుతుంది, ఇంజన్ స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ. హెడ్, బ్లాకు రెండూ పోత ఇనుమే అయిన ట్రాక్టర్లు, పాత లారీల్లో ఈ బాధ తక్కువ. ఆ ఇంజన్ల గ్యాస్కెట్లు చాలాకాలం మన్నడానికి ఇదొక ముఖ్య కారణం.

రాయలసీమ నీళ్లు, ఎండ, లోడు

మూడు జిల్లాల్లోనూ, ముఖ్యంగా సగటు వర్షపాతం 550 మి.మీ. దగ్గరే ఉండే అనంతపురంలో, బండికి పోసే నీళ్లు ఎక్కువగా బోరు నీళ్లే. వాటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు వేడి తగిలినచోట సున్నంగా విడిపోతాయి. ఇంజన్‌లో అత్యంత వేడిగా ఉండే చోట్లు ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల చుట్టూ, రెండు సిలిండర్ల మధ్య సన్నని గోడల వెనుక ఉంటాయి. సున్నం మొదట పట్టేదీ అక్కడే. అది వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. 1 మి.మీ. సున్నపు పొర అడ్డుపడితే, పోత ఇనుము గోడను మరో 25 మి.మీ.కు పైగా మందం చేసినంత అవుతుంది. డ్యాష్‌బోర్డు మీది ముల్లు మామూలుగానే ఉన్నా హెడ్‌లో ఆ ఒక్క చోటు విపరీతంగా కాలుతుంటుంది, ఎందుకంటే ముల్లు చూపేది నీళ్ల వేడినే తప్ప లోహం వేడిని కాదు.

గాలి వేడి కూడా కలిసొస్తుంది. నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు బయటి గాలి 25 డిగ్రీలైతే రేడియేటర్‌కు దొరికే తేడా 65 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం గాలి 42కు చేరితే ఆ తేడా 48కి పడిపోతుంది. ఒక్క మరమ్మతు లోపం కూడా లేకుండానే చల్లబరిచే శక్తిలో నాలుగో వంతు పోయినట్టే. దీనికి లోడు తోడవుతుంది. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కే లారీ తక్కువ వేగంలో, ఎక్కువ లోడుతో నడుస్తుంది కాబట్టి ఎదురుగాలి అందదు. చేనులో నిలబెట్టి వేరుశనగ మిషన్ తిప్పే ట్రాక్టర్‌ది ఇంకా కష్టం. అది కదలదు, పైగా దుమ్ము, పొట్టు రేడియేటర్ రేకుల మధ్య ఇరుక్కుని ఉన్న కాస్త గాలినీ ఆపేస్తాయి. బోరుబావులు తవ్వే లారీల మీది కంప్రెసర్ ఇంజన్లు గంటల తరబడి నిలబడి, పూర్తి లోడుతో నడిచేవే.

ఇంత జరుగుతున్నా ఈ ప్రాంతంలో తరచూ చేసే పని థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) పీకేయడం. కొన్ని ఇంజన్లలో తెరుచుకున్న థర్మోస్టాటే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతుంది, వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది. రేడియేటర్ మూతనూ ఎవరూ పట్టించుకోరు. 0.9 బార్ ఒత్తిడి పట్టే మూత బాగుంటే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు పోతే 100 దగ్గరే ఆవిరి మొదలవుతుంది. ఆవిరి చేరిన చోట లోహానికి నీళ్ల స్పర్శే ఉండదు.

హెడ్ వంగడానికి, గ్యాస్కెట్ కాలడానికి చాలాసార్లు మూలం ఇక్కడే ఉంది. కాలిన గ్యాస్కెట్ ఆ వేడికి గురైన భాగం మాత్రమే.

ఏ గ్యాస్కెట్?

మార్కెట్లో ప్రధానంగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది కాంపోజిట్ గ్యాస్కెట్. మధ్యలో ఉక్కు రేకు, దానికి ఇరువైపులా గ్రాఫైట్ లేదా నార పదార్థం, సిలిండర్ల చుట్టూ లోహపు ఫైర్ రింగులు ఉంటాయి. ఇది కాస్త మెత్తన. ఉపరితలంలోని చిన్న చిన్న గీతలను నింపుకుంటుంది. పాత ట్రాక్టర్లకు, పాత పెట్రోల్ కార్లకు, ఇనుము మీద ఇనుము కూర్చునే ఇంజన్లకు ఇదే సరిపోతుంది. దీనికున్న బలహీనత ఏమిటంటే వేడికి, బరువుకు నెమ్మదిగా నలిగి మందం తగ్గుతుంది. అందుకే ఇలాంటి గ్యాస్కెట్ వేసిన చాలా ఇంజన్లలో కొన్ని గంటలు నడిచాక బోల్టులు మళ్లీ బిగించమని మాన్యువల్ చెబుతుంది.

రెండోది ఎంఎల్ఎస్, అంటే పొరలుపొరలుగా పేర్చిన స్ప్రింగు ఉక్కు రేకుల గ్యాస్కెట్. సిలిండర్ల, నీటి దారుల చుట్టూ రేకులో పొంగించిన అంచులు స్ప్రింగులా పనిచేసి, హెడ్ కాస్త లేచినా దానితోపాటు లేచి సందు మూస్తాయి. పైన పూసిన రబ్బరు పూత చాలా పలుచన. అల్యూమినియం హెడ్ పెరిగి తగ్గే రాపిడిని ఇది బాగా ఓర్చుకుంటుంది. 1990ల నుంచి కొత్త ఇంజన్లు ఎక్కువగా దీనివైపు మళ్లడానికి కారణం అదే. దీన్ని సాధారణంగా మళ్లీ బిగించాల్సిన పని లేదు.

వీటికి తోడు రాగి గ్యాస్కెట్లు, పాత స్టాకులో ఆస్‌బెస్టాస్ గ్యాస్కెట్లు ఇంకా దొరుకుతుంటాయి. ఆస్‌బెస్టాస్ విషయంలో ఒక్కటే చెప్పాలి, గట్టిగా చెప్పాలి. పాత గ్యాస్కెట్ ఏదో తెలియనప్పుడు దాన్ని పొడిగా గీకడం, కంప్రెసర్ గాలితో ఊదడం ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి గీకితే దుమ్ము బాగా తగ్గుతుంది. షెడ్డులో పనిచేసే కుర్రాళ్లకు ఈ విషయం చెప్పేవారు తక్కువ.

కాంపోజిట్ కంటే ఎంఎల్ఎస్ ఎప్పుడూ మేలే అన్న నమ్మకం ఒకటి బలపడింది. దాన్ని అడిగే ఉపరితలం ఇవ్వగలిగినప్పుడే అది మేలు. ఇవ్వలేకపోతే కాంపోజిటే ఎక్కువకాలం నిలుస్తుంది.

అద్దంలా ఉంటే చాలదు

ఫేసింగ్ నాణ్యతను చాలామంది మెరుపుతో కొలుస్తారు. లేత్ షాపు నుంచి వచ్చిన హెడ్ మొహం కనిపించేంత మెరిస్తే పని బాగా చేశారంటారు. నిజానికి ఉపరితలపు గరుకును మైక్రాన్లలో కొలుస్తారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కాంపోజిట్ గ్యాస్కెట్‌కు సగటు గరుకు సుమారు 1.5 నుంచి 3 మైక్రాన్ల మధ్య ఉండాలి. మరీ నున్నగా ఉంటే మెత్తటి పదార్థానికి పట్టు దొరక్క పక్కకు జారుతుంది. ఎంఎల్ఎస్‌కు అది 0.8 మైక్రాన్ లోపు ఉండాలి. అంతకంటే గరుకైతే పలుచని రబ్బరు పూత గీతల లోతును నింపలేదు, ఆ గీతల వెంట నీళ్లు, గ్యాస్ మెల్లగా దారి చేసుకుంటాయి.

అంటే హెడ్‌ను మిషన్ ఎక్కించకముందే ఏ గ్యాస్కెట్ వేస్తారో తేలిపోవాలి. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. హెడ్ ముందు లేత్ షాపుకు వెళ్తుంది, గ్యాస్కెట్ ఆ సాయంత్రం స్పేర్ పార్ట్స్ షాపులో ఏది దొరికితే అది వస్తుంది. పాతకాలపు సర్ఫేస్ గ్రైండర్ మీద, అరిగిన రాయితో తీసిన ఉపరితలం కాంపోజిట్‌కు చక్కగా సరిపోవచ్చు. దానిమీదే ఎంఎల్ఎస్ వేస్తే మొదటి వేసవి దాటకపోవచ్చు.

చిన్న ఇంజన్ల హెడ్లను నున్నటి గ్రానైట్ పలక మీద ఎమరీ పేపరు పరిచి రుద్దే పద్ధతి కూడా ఉంది. సింగిల్ సిలిండర్ బైకు హెడ్‌కు ఓపికగా చేస్తే పనికొస్తుంది. నాలుగు సిలిండర్ల హెడ్‌కు చేతి బలం అంతటా సమానంగా పడదు, అంచులు ఎక్కువ అరిగిపోతాయి. ఇక గ్రైండర్‌కు బిగించే ఎమరీ డిస్కుతో పాత గ్యాస్కెట్ ముక్కలు శుభ్రం చేయడం అల్యూమినియానికి శత్రువు. కంటికి కనిపించని గుంటలు పడతాయి, రాలిన రజను ఆయిల్ దారిలో పడి బేరింగులను తింటుంది.

ఎంత తీయాలి: పెట్రోల్ లెక్క

ముందు తేల్చాల్సింది అసలు తీయాలా వద్దా అన్నది. శుభ్రం చేసిన హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి, పొడవునా, అడ్డంగా, రెండు మూలల గుండా ఫీలర్ గేజ్‌తో చూస్తారు. చిన్న పెట్రోల్ ఇంజన్లలో 0.05 మి.మీ., పొడవైన హెడ్లలో 0.1 మి.మీ. వంపు దాకా సాధారణంగా ఒప్పుకుంటారు. అంతకు లోపే ఉండి గుంటలు, తుప్పు తిన్న మచ్చలు లేకపోతే ఫేసింగ్ అక్కర్లేదు. హెడ్ దించిన ప్రతిసారీ అలవాటుగా ఒక పొర తీయించడం ఆ హెడ్ ఆయుష్షును కోసేయడమే. చాలా కంపెనీలు హెడ్‌కు కనీస ఎత్తు నిర్ణయిస్తాయి. కొత్త హెడ్ ఎత్తుకూ ఆ కనీసానికీ మధ్య తేడా చాలాసార్లు 0.2–0.3 మి.మీ. మాత్రమే. కొన్ని కొత్త తరం డీజిల్ ఇంజన్లకైతే కంపెనీ అసలు ఫేసింగే ఒప్పుకోదు.

తీసిన లోతు కంప్రెషన్‌ను ఎలా మారుస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. 1,300 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, బోరు 74 మి.మీ., కంప్రెషన్ రేషియో (మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క) 9 అనుకుందాం. ఒక్కో సిలిండర్ 325 సీసీ, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ సుమారు 40.6 సీసీ. హెడ్ నుంచి 0.3 మి.మీ. తీస్తే, దహనగది వైశాల్యం బోరు వైశాల్యంలో 80 శాతం ఉంటుందనుకుని, ఆ ఖాళీలో 1 సీసీ పోతుంది. రేషియో 9.2 అవుతుంది. మంచి పెట్రోల్‌తో, సరైన ఇగ్నిషన్ టైమింగ్‌తో ఇది నష్టం చేయదు. అయితే అదే హెడ్‌కు ఇది మూడో ఫేసింగ్ అయితే, దానికి 42 డిగ్రీల ఎండ కలిస్తే, ఘాట్‌లో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా మండే టకటక శబ్దం) వినిపిస్తుంది. నాకింగ్ అంటే ఫైర్ రింగుల మీద సుత్తి దెబ్బలే.

దీనికి విరుగుడుగా మందపాటి గ్యాస్కెట్ వేయడం అందరికీ తోచే ఉపాయం. 0.3 మి.మీ. ఎక్కువ మందమున్న గ్యాస్కెట్ వేస్తే రేషియో మళ్లీ 9కి దిగువకే వస్తుంది. కానీ రెండు మార్పులూ ఒకదానికొకటి పూర్తిగా చెల్లు కావు. పిస్టన్ అంచుకూ హెడ్ చదునుకూ మధ్య ఉండే సన్నని సందు మిశ్రమాన్ని మధ్యకు చిమ్మి వేగంగా మండేలా చేస్తుంది. చాలా ఇంజన్లలో అది 1 మి.మీ. దగ్గర్లో ఉంటేనే బాగా పనిచేస్తుంది. ఫేసింగ్‌తో ఆ సందు మారదు, ఎందుకంటే హెడ్ చదును మళ్లీ అదే గ్యాస్కెట్ మీద కూర్చుంటుంది. మందపాటి గ్యాస్కెట్‌తో మాత్రం ఆ సందు పెరుగుతుంది, చిమ్మే వేగం తగ్గుతుంది, రేషియో తగ్గినా నాకింగ్ అనుకున్నంత తగ్గదు. కాబట్టి మందం పెంచడం అవసరమైనప్పుడు, కంపెనీ ఇచ్చిన రిపేర్ సైజుకే పరిమితం కావడం మంచిది. రెండు గ్యాస్కెట్లు ఒకదానిమీద ఒకటి వేయడం ఏ ఇంజన్‌కూ మంచిది కాదు.

వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ హెడ్ మీదే ఉండే ఇంజన్లలో ఇంకో ప్రభావముంది. హెడ్ కిందికి దిగితే క్యామ్ పుల్లీ క్రాంక్‌కు దగ్గరవుతుంది, వాల్వుల టైమింగ్ కాస్త ఆలస్యమవుతుంది. 100 మి.మీ. పుల్లీకి 0.5 మి.మీ. తగ్గితే క్రాంక్ లెక్కలో ఒక డిగ్రీకి కొంచెం పైన. ఒక్క ఫేసింగ్‌కు ఇది పట్టించుకోనక్కర్లేదు. క్యామ్‌షాఫ్ట్ కింద బ్లాకులో ఉండే పుష్‌రాడ్ ఇంజన్లలో టప్పెట్ క్లియరెన్స్ (వాల్వు దగ్గర వదిలే సందు) మళ్లీ సెట్ చేస్తే సరిపోతుంది.

డీజిల్ లెక్క వేరు

ఇక్కడే ఎక్కువ గందరగోళం. డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్‌లో దహనగది హెడ్‌లో ఉండదు, పిస్టన్ తలలోని గుంటలో ఉంటుంది. హెడ్ కింది భాగం చదును. కాబట్టి హెడ్ ఫేసింగ్ చేస్తే కంప్రెషన్ పెద్దగా పెరగదు. మారేవి వేరే. వాల్వులు హెడ్‌లోకి ఎంత లోపలికి కూర్చున్నాయన్న కొలత తగ్గి, అవి పిస్టన్‌కు దగ్గరవుతాయి. నాజిల్ మొన కిందికి పొడుచుకొచ్చి, డీజిల్ చిమ్మే తుంపర గుంటలో పడాల్సిన చోట కాకుండా మరోచోట పడుతుంది. నల్లపొగ, పిస్టన్ కాలడం దాని ఫలితాలు. ఫేసింగ్ తర్వాత వాల్వు సీట్లు అంతే మేర లోపలికి కోయించాలి, నాజిల్ కింద వాషర్ మందం సరిచూడాలి.

గ్యాస్కెట్ మందాన్ని నిర్ణయించేది పిస్టన్ ఎత్తు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు తలానికి ఎంత పైకి లేస్తుందో ప్రతి సిలిండర్‌కూ డయల్ గేజ్‌తో కొలిచి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన కొలతను బట్టి గ్యాస్కెట్ తీసుకుంటారు. గ్యాస్కెట్ అంచున ఉండే రంధ్రాలు లేదా గాట్లు ఆ మందానికి గుర్తులు, వాటి అర్థం ఇంజన్‌ను బట్టి మారుతుంది. పాత గ్యాస్కెట్ మీద ఎన్ని గుర్తులుంటే అన్నే కొనడం, బ్లాకు ఫేసింగ్ గానీ పిస్టన్ల మార్పు గానీ జరగనప్పుడే చెల్లుతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఫలితం చిన్నది కాదు. 500 సీసీ సిలిండర్, 83 మి.మీ. బోరు, 18 రేషియో ఉన్న డీజిల్‌లో 0.1 మి.మీ. ఎక్కువ మందం వేస్తే రేషియో 17.7కి దిగుతుంది, అలాంటివి రెండు మూడు కలిస్తే చలికాలం తెల్లవారుజామున స్టార్టింగ్ మొండికేస్తుంది. తక్కువ మందం వేస్తే పిస్టన్ హెడ్‌ను తాకే ప్రమాదం.

ట్రాక్టర్లు, లారీల్లో తడి లైనర్లు (చుట్టూ నీళ్లు తగిలేలా బ్లాకులో దించే సిలిండర్ గొట్టాలు) ఉన్న ఇంజన్లకు ఇంకో కొలత ఉంది, బహుశా అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే. లైనర్ తల బ్లాకు కంటే కొంచెం పైకి ఉండాలి, చాలా ఇంజన్లలో 0.05 నుంచి 0.15 మి.మీ. మధ్య. ఆ కాస్త ఎత్తే ఫైర్ రింగును హెడ్‌కు అదిమి పడుతుంది. ఏళ్ల తరబడి వాడిన బ్లాకులో లైనర్ కూర్చునే గట్టు అరిగి, తుప్పు తిని లైనర్ కిందికి దిగుతుంది. ఒక సిలిండర్ లైనర్ దిగి, పక్కది నిలబడి ఉంటే హెడ్ ఎంత అద్దంలా ఉన్నా ఆ దిగిన చోట గ్యాస్కెట్ కాలుతూనే ఉంటుంది. ఎప్పుడూ ఒకే సిలిండర్ దగ్గర గ్యాస్కెట్ పోతోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. లైనర్ కింద సరైన షిమ్ (పలుచని రేకు రింగు) వేయడమో, గట్టు కోయించి సరిచేయడమో దీనికి మందు. హెడ్‌ను ఎన్నిసార్లు ఫేసింగ్ చేసినా ఇది బాగుపడదు.

ఫేసింగ్‌తో బాగుపడని హెడ్లు

బాగా కాలిన అల్యూమినియం హెడ్ గట్టిదనాన్ని కోల్పోతుంది. చదును చేసినా, బోల్టు వాషర్లు మెత్తబడిన లోహంలోకి దిగిపోయి బిగింపు సడలుతుంది. హార్డ్‌నెస్ పరీక్ష చేయించకుండా ఇది తెలియదు. క్యామ్‌షాఫ్ట్ పైనున్న హెడ్ వంగితే, కింది చదునుతోపాటు క్యామ్ తిరిగే బేరింగు వరుస కూడా వంగుతుంది. కింద ఫేసింగ్ చేస్తే కింది వంపే పోతుంది, పైది అలాగే ఉంటుంది. క్యామ్ పట్టేసినట్టు తిరగడం, కొన్నిసార్లు విరగడం దీనివల్లే. అలాంటి హెడ్‌ను ముందు వేడిచేసి నిటారు చేయాలి, లేదా మార్చాలి.

వాల్వు సీట్ల మధ్య సన్నని పగుళ్లు కంటికి కనిపించవు. హెడ్‌ను వేడి నీళ్లలో ముంచి గాలి ఒత్తిడి పెడితే బయటపడతాయి. ఈ పరీక్ష ఫేసింగ్‌కు ముందే జరగాలి, లేకపోతే ఫేసింగ్ ఖర్చు వృథా.

బోల్టులు

టార్క్ రెంచ్ చూపే అంకెలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, బిగింపుగా మారేది సుమారు పదో వంతు. మరలు తుప్పుపట్టి ఉంటే ఆ పదో వంతు కూడా దక్కదు. అందుకే మరలు శుభ్రం చేసి కాస్త ఆయిల్ రాయడం, మధ్య నుంచి బయటికి మాన్యువల్ వరుసలో దశలవారీగా బిగించడం తప్పనిసరి. అడుగు మూసి ఉన్న బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవమే బ్లాకును పగలగొడుతుంది. టార్క్ తర్వాత 90 డిగ్రీల చొప్పున తిప్పి బిగించే సాగే రకం బోల్టులను రెండోసారి వాడకూడదు. ఎంఎల్ఎస్ గ్యాస్కెట్‌కు, మాన్యువల్ చెప్పకపోతే, గమ్ము పూయకూడదు.

పని చీలిపోయే చోట

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హెడ్, గ్యాస్కెట్, కొలతలు అన్నీ ఒకరి బాధ్యత. బయట షెడ్డులో ఖర్చు చాలా తక్కువ, చేతి నైపుణ్యమూ తక్కువేమీ కాదు. కానీ విప్పేది మెకానిక్, ఫేసింగ్ చేసేది లేత్ షాపు, గ్యాస్కెట్ ఇచ్చేది స్పేర్ పార్ట్స్ షాపు, హెడ్‌ను భుజాన వేసుకుని వీరి మధ్య తిరిగేది బండి యజమాని. ఎంత తీశారన్నది లేత్ షాపు వాళ్లకే తెలుసు, వాళ్లు చెప్పరు, అడిగేవారూ ఉండరు. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు, పని అలా పంచుకోవడం వల్ల వచ్చిన లోటు.

దాన్ని పూడ్చడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. హెడ్ పంపేముందు వంపు ఎంత, హెడ్ ఎత్తు ఎంత, వేయబోయేది కాంపోజిటా ఎంఎల్ఎసా అన్నది ఒక కాగితం మీద రాసి హెడ్‌తో పంపవచ్చు. డీజిల్ అయితే వాల్వు లోతు, పిస్టన్ ఎత్తు, లైనర్ ఎత్తు కూడా అందులో ఉండాలి. తిరిగి వచ్చాక మిగిలిన ఎత్తును హెడ్ పక్క భాగంలో, గ్యాస్కెట్ తగలని చోట, పంచ్‌తో కొట్టిస్తే ఐదేళ్ల తర్వాత ఆ హెడ్ విప్పే మరో మెకానిక్‌కు ఇంకా ఎంత తీయవచ్చో వెంటనే తెలుస్తుంది. ఇంజన్ కూర్చోబెట్టేముందు బ్లాకు, రేడియేటర్లలోని సున్నం తగిన మందుతో కడిగించి, బోరు నీళ్లకు బదులు ఆర్వో లేదా డిస్టిల్డ్ నీళ్లలో సగానికి సగం కూలెంట్ కలిపి పోయాలి. మొదటి రోజుల్లో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్ల మట్టం చూస్తుండాలి. మట్టం రోజూ కాస్త కాస్త తగ్గుతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే, తెల్లపొగ కోసం ఎదురుచూడకుండా బండిని అప్పుడే షెడ్డుకు తీసుకెళ్లాలి.